కనబడని కుట్టు

దుస్తుల చరిత్రను గూర్చి వ్రాసేవారు సాధారణంగా పైబట్టలతో ఆరంభించి పైబట్టలతోనే ముగిస్తారు. రాణులు ధరించిన పట్టుగౌనులు, సైన్యాధిపతుల అంగరఖాలు, జరీ పనితనం, రంగుల మేళవింపు మొదలైన వాటికి ప్రదర్శనశాలల్లో అద్దాల బీరువాలు ఉంటాయి. ఆ పట్టుగౌను చెమటకు పాడుకాకుండా నలభై ఏళ్ళు కాపాడిన నూలు లోదుస్తును తలచేవారు అరుదు. ఇంటికి పునాది ఎటువంటిదో పైబట్టకు లోబట్ట అటువంటిది. రెండూ కంటికి కనబడవు. రెండింటినీ ఎవరో ఒకరు ఒళ్ళు వంచి కట్టినవే.

సంస్థ పత్రికలో లోదుస్తులను గూర్చి వ్రాయడమేమిటని కొందరు పాఠకులు సంకోచించవచ్చు. కాని నేను చెప్పబోయేది అలంకారాన్ని గూర్చి కాదు. ఇంగ్లండులో విక్టోరియా రాణి పరిపాలించిన 1837-1901 సంవత్సరాల మధ్య ప్రతి స్త్రీ, పేదదైనా ధనికురాలైనా, ఒంటికి ఆనించి తొడుక్కొన్న 'షెమీజ్' అనే సాదా నూలు వస్త్రాన్ని గూర్చి. మన ఇళ్ళలో ఆడపిల్లలకు తొడిగే 'షిమ్మీ' పేరు దాని నుండి వచ్చినదే. అటువంటి దానినొకదానిని మా ఇంట్లో చేతికుట్టుతో తయారు చేశాము. దానికొక కారణం ఉన్నది.

మా అమ్మ వయస్సు ఇప్పుడు ఎనభై రెండు. ఇరవై ఎనిమిదవ ఏట భర్తను పోగొట్టుకొని, చేత్తో త్రిప్పే కుట్టుమిషను ఒక్కటి ఆధారంగా మమ్మల్ని ముగ్గురిని పెంచింది. 1970ల దశకంలో లోలంగాకు అర్ధరూపాయి, జాకెట్టుకు రూపాయిన్నర ఆమె కూలి. మా చదువులన్నీ ఆ లోలంగాల అంచుల్లోనుంచి వచ్చినవే. ఆరేళ్ళ క్రితం నీటికాసులు వ్యాధితో ఆమె చూపు తగ్గనారంభించింది. ఆ వ్యాధిలో పోయిన చూపు తిరిగి రాదు. మందులతో, శస్త్రచికిత్సతో మిగిలినదానిని నిలుపుకోవడమే చేయగలిగినది. ఇప్పుడామెకు వెలుతురు, నీడ మాత్రమే తెలుస్తాయి. చూపు పోయిన దానికన్న ఆమెను ఎక్కువగా బాధించినది వేరొకటి. ప్రతి ఉదయం జాకెట్టు హుక్కులు పెట్టుకొనడానికి ఇంకొకరి కోసం ఎదురుచూడవలసి రావడం. ఊరందరికీ జాకెట్లు కుట్టిన మనిషి, తన జాకెట్టు తాను వేసుకోలేక మంచం మీద కూర్చొని ఉండేది. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. బయటికి రావడం మాత్రం తగ్గించుకొన్నది.

ఆంగ్ల సాహిత్యం చదువుతున్న మా అమ్మాయి సెలవుల్లో ఒక విక్టోరియా కాలపు నవలను అమ్మమ్మకు తెలుగులో చెప్పుకొంటూ పోతున్నది. అందులో దాసి వెనుక నిలబడి తాళ్ళు లాగి యజమానురాలి కార్సెట్టును బిగించే ఘట్టం వచ్చింది. అమ్మ వెంటనే ఆపి, "ఆ బిగించేదాని కింద ఏం తొడుక్కొనేవారే? ఒళ్ళు ఒరుసుకుపోదుటే?" అని అడిగింది. నవలలో అది లేదు. కాని కుట్టుపని చేసిన మనిషికి తప్ప ఇంకొకరికి తోచని ప్రశ్న అది. అనేక మాసాల తరువాత అమ్మ నోట కుట్టును గూర్చి వచ్చిన మొదటి మాట కూడా అదే. దానికి సరియైన సమాధానం వెదకి తేవడం నా బాధ్యతగా భావించాను.

సమాధానం 1838లో లండనులో అచ్చయిన 'ది వర్క్‌వుమన్స్ గైడ్' అనే పుస్తకంలో దొరికింది. ఇంట్లో కుట్టుకొనే బట్టలను అనుభవం లేనివారు సైతం కత్తిరించుకొనేందుకు వీలుగా కొలతలు, పటాలతో కూర్చిన గ్రంథమది. ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవచ్చు. రచయిత్రి తన పేరు వేసుకొనలేదు. 'ఒక మహిళ' అని మాత్రమే ముఖపత్రం మీద ఉన్నది.

ఆ కాలపు దుస్తుల క్రమం ఇది. ముందుగా ఒంటికి షెమీజ్. దానితోపాటు నడుము పట్టీకి రెండు కాళ్ళను విడివిడిగా కుట్టి చేసిన డ్రాయర్లు. షెమీజ్ మీద తిమింగలపు నోటిలోని పలకలతోగాని, ఉక్కు బద్దలతోగాని నిలబెట్టిన కార్సెట్టు. ఆపైన ఒకదానిమీదొకటిగా లోలంగాలు. 1856 ప్రాంతంలో ఉక్కు వలయాలతో చేసిన క్రినొలిన్ వచ్చి, ఆ లోలంగాల భారాన్ని కొంత తగ్గించింది. అన్నింటిపైన గౌను. కార్సెట్టును ఉతకడం కష్టం; పట్టుగౌనును ఉతకడం దాదాపు అసాధ్యం. చెమటను పీల్చుకొని, తరచుగా సబ్బునీటిలో ఉడికి, తెల్లగా బయటికి రావలసిన బాధ్యత అంతా షెమీజ్‌ది. మన పెద్దలు మడిబట్టకు ఇచ్చిన ప్రాధాన్యాన్ని తలచుకొంటే ఈ ఏర్పాటులోని వివేకం తెలుస్తుంది: ఒంటికి తగిలేది శుభ్రంగా ఉంటే పైనున్నది తానుగా నిలుస్తుంది.

ఈ దొంతరల బరువు ఎంతటిదో ఊహించడానికి ఒక్క విషయం చాలును. 1881లో లండనులో స్త్రీల దుస్తుల సంస్కరణకై 'రేషనల్ డ్రెస్ సొసైటీ' ఏర్పడింది. లోదుస్తుల మొత్తం బరువు ఏడు పౌనులకు, అంటే సుమారు 3.2 కిలోలకు మించరాదని ఆ సంఘం కోరింది. సంస్కర్తలు కోరిన గరిష్ఠ పరిమితే అంతయితే, అంతకు ముందు మోసిన భారం ఎంతో చెప్పనక్కరలేదు. మా అమ్మాయి ఈ లెక్క చదివి వినిపించగా అమ్మ, "పాపం, ఆ దేశంలో మిగతా పనులు ఎవరు చేసేవారో" అన్నది.

ఆ షెమీజ్‌లు ఏ గుడ్డతో కుట్టేవారని వెదకుతుండగా నాకెదురైన పేరు నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులో లోదుస్తులకు వాడిన నూలు గుడ్డల్లో లాంగ్‌క్లాత్ ఒకటి, 'మదపోలమ్' మరొకటి. మదపోలమ్ అంటే పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం ప్రక్కనున్న మా మాధవాయపాలెం! పదిహేడవ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ బట్టల వ్యాపారానికి కోఠీ నెలకొల్పింది. గోదావరి పాయ ఒడ్డున మన నేతగాండ్రు నేసిన మెత్తని తెల్లగుడ్డ ఓడలెక్కి, ఊరి పేరునే తన పేరుగా మోసికొనిపోయింది. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఈ వ్యుత్పత్తిని నమోదు చేసింది.

ఆ కథలో రెండవ భాగం అంత సంతోషకరమైనది కాదు. 1813 చట్టంతో కంపెనీకి భారతదేశపు వ్యాపారంపై ఉన్న గుత్తాధికారం తొలగిపోయింది. లాంకషైరు మిల్లుల్లో యంత్రాలపై నేసిన గుడ్డ మన బజారులను ముంచివేసింది. మదపోలమ్ అనే పేరు నిలిచింది. ఆ గుడ్డ మాత్రం లాంకషైరు నుండి రాసాగింది. మా ఊరి పేరు పెట్టుకొన్న గుడ్డను మా తాతల తాతలు ఇంగ్లండు సరుకుగా కొనుక్కొన్నారన్నమాట. పుట్టి పెరిగిన ఊరి పేరు లండను స్త్రీల ఒంటిని అంటిపెట్టుకొని ఉన్నదని విన్నప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మన గుడ్డతోనే కుట్టు" అన్నది.

ఆవిధంగా చేనేత సహకార సంఘం దుకాణంలో ముప్ఫైయారు అంగుళాల పన్నా గల తెల్లని నూలు గుడ్డను రెండు ముప్పావు మీటర్లు కొన్నాను. రాత్రంతా నీటిలో నానబెట్టి, ఆరవేసి, ముడుచుకొనవలసినంత ముడుచుకొన్న తరువాతనే కత్తెర పట్టుకొన్నాము.

ఆ కత్తిరింపులోని లెక్క ఎవరినైనా ముగ్ధులను చేస్తుంది. ముందు భాగానికొకటి, వెనుక భాగానికొకటి నలభై అంగుళాల పొడవు గల రెండు ముక్కలు. ఒక్కొక్క ముక్కకు రెండు ప్రక్కల నుండి, పైన నాలుగు అంగుళాల వెడల్పుతో మొదలై క్రిందికి వచ్చేసరికి సున్నా అయ్యేటట్లు, సన్నని త్రికోణాలను కోయాలి. వాటిని తలక్రిందులు చేసి, వెడల్పు క్రిందికి వచ్చేలా అవే ప్రక్కలకు కలపాలి. ముప్ఫైయారు అంగుళాల ముక్క, కుట్లలోకి పోయేది మినహాయించి, పైన ఇరవై ఎనిమిది, క్రింద నలభై నాలుగు అంగుళాలవుతుంది. భుజాల వద్ద అనవసరమైన గుడ్డ కాళ్ళ వద్ద అవసరమైన ఘేరుగా మారుతుంది. మిగిలిన గుడ్డలో రెండు పొట్టిచేతులు, మెడపట్టీ, నాలుగంగుళాల చదరపు ముక్కలు రెండు సరిపోతాయి. చివరికి నేలమీద మిగిలినవి నాలుగు దారపు పోగులు మాత్రమే. గుడ్డ ఖరీదు, మనిషి శ్రమ చౌక అయిన కాలపు లెక్క అది.

త్రికోణాలను కలిపేటప్పుడు అమ్మ ఒక హెచ్చరిక చేసింది. వాలుగా కోసిన అంచును నిలువుపోగు అంచుతో కలపాలే తప్ప రెండు వాలు అంచులను జతచేయరాదు. చేస్తే ఉతికినకొద్దీ సాగి ఒక ప్రక్కకు జారుతుంది. ఆమె ఆ ఆంగ్ల గ్రంథాన్ని చదివినది కాదు. నరసాపురం వీధి అరుగు మీద గ్రహించిన శాస్త్రం, లండను గ్రంథకర్త్రి శాస్త్రం ఆ ఒక్క అంచు దగ్గర కలిసిపోయాయి.

చదరపు ముక్కల పని చంకలో. చేతికీ ఒంటికీ మధ్య వాటిని మూలవాటుగా కుట్టితే, చేయి పైకెత్తినప్పుడు ఆ ముక్క విచ్చుకొని చోటిస్తుంది. అది లేని బట్టలో లాగుడంతా కుట్టుమీదనే పడి, చంక దగ్గర చిరుగుతుంది. బావినీళ్ళు తోడే మనిషికీ, పిండి పిసికే మనిషికీ ఎక్కడ సదుపాయం కావాలో ఎరిగినవారు కనిపెట్టిన ముక్క అది.

కుట్టుమిషను వాడలేదు. ఎలియాస్ హోవ్‌కు అమెరికాలో కుట్టుయంత్రంపై హక్కుపత్రం 1846లో, ఐజాక్ సింగర్‌కు 1851లో లభించాయి. అంతకు ముందు షెమీజ్‌లన్నీ చేతికుట్టువే. అంగుళానికి పన్నెండు కుట్ల చొప్పున సాయంకాలాలు, ఆదివారాలు కూర్చొని కుట్టాను. ముందుగా రెండు అంచులను పరుగుకుట్టుతో కలిపి, ఒక అంచును సగానికి కత్తిరించి, రెండవ అంచును దానిమీదికి మడిచి చదునుగా అణచి మళ్ళీ కుట్టాలి. అప్పుడు తెగిన పోగు లోపల గాని బయట గాని కనబడదు. ఒంటికి గరుకు తగలదు. ఎన్నిసార్లు ఉడకబెట్టి బాదినా విడదు. ప్రతి కుట్టునూ రెండుసార్లు కుట్టడమే ఇది. మొత్తం మీద ఆరువేల కుట్లకు పైబడినవి. నెలన్నర పట్టింది.

ఆ నెలన్నర అమ్మ నా ప్రక్కనే కూర్చొన్నది. కుట్టిన ప్రతి భాగాన్నీ బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య నడిపించి చూసేది. మెడ దగ్గరి కుచ్చులు మాత్రం తానే కుట్టింది. నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తే, ఎడమచేతి గోరుతో దూరం కొలుచుకొంటూ యాభై ఆరు అంగుళాల గుడ్డను పట్టీలోకి సమంగా పొదిగింది. ఆ కుచ్చులను చూచినవారెవరూ అవి చూపులేని చేతులు కుట్టినవని చెప్పలేరు.

మెడకు అంచుగా లేసు కావాలి. దానికి దూరం వెళ్ళనక్కరలేకపోయింది. నరసాపురం పరిసరాల్లో పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన కొక్కెపుసూది లేసు అల్లిక ఈనాటికీ ఇంటింటా సాగుతున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మా పెద్దమ్మగారి కోడలు అల్లి పంపింది. ఎంత ఇవ్వమంటావని అడిగితే, "ఖాళీ టైములో అల్లిందే కదా వదినా" అన్నది. 1982లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఈ నరసాపురం లేసు స్త్రీల మీద ఒక పుస్తకమే వ్రాసింది. ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తూ కూడా వారు గృహిణులుగానే లెక్కకు వస్తారనీ, వారి పని తీరిక పనిగానే పరిగణించబడుతుందనీ ఆమె పరిశీలన. మా వదినె మాటలో ఆ పుస్తకమంతా వినిపించింది. ఆమె వద్దన్నా లెక్కకట్టి డబ్బు పంపాను.

ఇంగ్లండులోనూ కథ వేరు కాదు. 1843 డిసెంబరులో 'పంచ్' పత్రికలో థామస్ హుడ్ 'ది సాంగ్ ఆఫ్ ది షర్ట్' అనే గీతాన్ని ప్రకటించాడు. ఇంటివద్ద కూలికి కుట్టుపని చేసే ఒక పేద వితంతువు దుస్థితి ఆ రోజుల్లో పత్రికలకెక్కడం దానికి ప్రేరణ. అమ్మకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె అడిగినది ఒక్కటే: "ఆమెకు పిల్లలెందరు?"

సంస్థలో నేను పనిచేసేది నాణ్యతా తనిఖీ విభాగంలో. రంగు వేసిన పైభాగాన్ని చూచి సంతకం చేయడం మా పని కాదు. అతుకు లోపల బీట ఉన్నదేమో అతిధ్వని తరంగాలతోనో, రేడియోగ్రఫీతోనో పరీక్షించిన తరువాతనే సరుకు గేటు దాటుతుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్న నాకు, చదునుగా అణచి కుట్టిన ఆ అంచులో మా వృత్తిధర్మమే కనిపించింది. ఎవరూ తిప్పి చూడరని తెలిసి కూడా లోపలి అంచును సరిచేసిన ఆ పేరులేని స్త్రీలు ఏ ప్రమాణపత్రం కోసమూ ఆ పని చేయలేదు. తొడుక్కొనే మనిషికి గుచ్చుకోరాదన్నదే వారి ప్రమాణం.

ఇక ఈ వస్త్రం మా ఇంటికి చేసిన మేలును చెప్పాలి. షెమీజ్‌కు హుక్కులు లేవు, గుండీలు లేవు, బిగించే తాడు లేదు. తలమీదుగా తొడుక్కొని చేతులు దూర్చితే చాలు. కుట్లు రెండువైపులా చదునుగా ఉండడంవల్ల తిరగవేసి తొడుక్కొన్నా ఒంటికి ఇబ్బంది లేదు. ముందు వెనుకల తేడా ఒక్కటే తెలియాలి. దానికీ విక్టోరియా కాలమే ఉపాయం చూపింది. ఆ రోజుల్లో డజన్ల కొద్దీ ఉండే లోదుస్తులు చాకలిరేవులో కలిసిపోకుండా ఎర్రదారంతో పేరులోని అక్షరాలు, వరుస అంకె కుట్టేవారు. విక్టోరియా రాణి లోదుస్తుల మీద సైతం కిరీటం, ఆమె పేరు అక్షరాలు, అంకె ఉన్నాయి. మేము కూడా మెడపట్టీకి ముందువైపున ఎర్రదారంతో అమ్మ పేరులోని మొదటి అక్షరాన్ని, దాని ప్రక్కన '1' అంకెను వ్రేలికి తగిలేటంత ఎత్తుగా కుట్టాము.

అది తొడుక్కొన్న మొదటి ఉదయాన అమ్మ ఎవరినీ పిలువలేదు. షెమీజ్ పైన లోలంగా కట్టుకొని, చీర చుట్టుకొని, తానే గోడ పట్టుకొని వరండాలోకి వచ్చి కూర్చొన్నది. కాఫీ తెచ్చిన మా అమ్మాయి, "అమ్మమ్మా, నీకు హుక్కులు ఎవరు పెట్టారు?" అని అడిగింది. "పెట్టుకోవలసిన హుక్కులేమున్నాయి?" అని అమ్మ జవాబు.

చీర క్రింద జాకెట్టు, లోలంగా అనే ఏర్పాటు కూడా మనకు అనాదిగా ఉన్నది కాదని ఇక్కడ గుర్తుచేసికోవడం మంచిది. 1860ల దశకంలో సత్యేంద్రనాథ ఠాకూరుగారి భార్య జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టును చూచి, లోదుస్తులతో కూడిన చీరకట్టును బెంగాలుకు తెచ్చింది. జాకెట్టు అన్న మాటే ఇంగ్లీషు నుండి వచ్చినది. నూలు మన దగ్గర నుండి వెళ్ళింది. కుట్టు అక్కడి నుండి వచ్చింది. ఎవరికి ఏది అవసరమో దానిని తీసికొని తమదిగా చేసికొన్నారు. ఆ రాకపోకల్లో దోపిడీ ఎంత ఉన్నదో చరిత్ర చెబుతుంది. దాని మధ్యనే స్త్రీలు ఒకరి నుండి ఒకరు నేర్చుకొన్న సదుపాయాలు కూడా ఉన్నాయి.

ప్రస్తుతం మా ఇంట్లో అమ్మకు మూడు షిమ్మీలు ఉన్నాయి. మూడవదానిని మా అమ్మాయి కుట్టింది. కుచ్చులు మాత్రం అమ్మవే. మా వీధిలో పక్షవాతంతో ఒక చేయి స్వాధీనంలో లేని పెద్దావిడ ఒకరు ఈ సంగతి విని కబురు పెట్టారు. ఆమె కొలతలు తెచ్చాను. గుడ్డ నీళ్ళలో నానుతున్నది. ఆమె పేరులోని అక్షరం ఏ రంగు దారంతో కుట్టాలని అమ్మ అడుగుతున్నది.